ఎముక గట్టిదనం వెనక కణాల సంకేతాలు

సాంద్రత పెరిగితే ఎముక విరగడం తగ్గుతుందని ఎవరైనా సహజంగానే అనుకుంటారు. 1980లలో పరిశోధకులూ అలాగే అనుకుని, గుల్లబారిన ఎముకలకు సోడియం ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూశారు. మెనోపాజ్ దాటి, అప్పటికే వెన్నుపూసలు విరిగి ఉన్న 202 మంది మహిళలపై అమెరికాలో నాలుగేళ్లు సాగిన ఒక పరీక్ష ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఫ్లోరైడ్ తీసుకున్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసలు విరగడం నమ్మదగినంతగా తగ్గలేదు. వెన్నెముక కాకుండా మిగతా చోట్ల విరగడమైతే ఏకంగా పెరిగింది. ఎముక ఎక్కువైంది, బలం మాత్రం రాలేదు.

ఎముకల ఆరోగ్యం గురించి ఇప్పటికీ మన ఆలోచన కాల్షియం దగ్గర మొదలై స్కాన్‌లో వచ్చే సంఖ్య దగ్గర ఆగిపోతోంది. డెక్సా స్కాన్ ఎముకలో ఖనిజం ఎంత ఉందో కొలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న యువతుల సగటుతో పోల్చి టీ-స్కోరు ఇస్తుంది. అది మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్ (ఎముకలు గుల్లబారే జబ్బు) అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో నిర్వచించింది. ఈ కొలత పనికొచ్చేదే. సాంద్రత తగ్గేకొద్దీ ముప్పు పెరుగుతుందన్న మాటలో సందేహం లేదు. కానీ ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చే పెద్దవయసువారిలో చాలామంది స్కోరు ఆ గీతకు పైనే ఉంటుంది. టైప్ 2 డయాబెటిస్ ఉన్నవారి సాంద్రత మామూలుగానో, కాస్త ఎక్కువగానో ఉన్నా వారి ఎముకలు ఎక్కువగా విరుగుతాయి. ఆస్టియోపెట్రోసిస్ అనే జన్యు వ్యాధిలో ఎక్స్‌రే తీస్తే ఎముక రాయిలా తెల్లగా కనిపిస్తుంది, చిన్న దెబ్బకే పగిలిపోతుంది.

స్కోరు చెప్పని ఆ మిగతా భాగాన్నే నిపుణులు ఎముక నాణ్యత అంటారు. ఎముక బరువులో దాదాపు మూడింట రెండొంతులు కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన ఖనిజం. మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం కొలాజెన్ ప్రొటీన్, కొంత నీరు. ఖనిజం బిగువునిస్తుంది, కొలాజెన్ సాగే గుణాన్నిస్తుంది. ఎండుపుల్ల పుటుక్కున విరుగుతుంది, పచ్చికొమ్మ వంగి నిలుస్తుంది. రెండిటి మందమూ ఒకటే కావచ్చు. ఎముకలోనూ కొలాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయి, ఖనిజ స్ఫటికాల పరిమాణం ఎంత, లోపలి సన్నని పలకలు తెగిపోకుండా ఉన్నాయా, రోజువారీ వాడకంలో పడే సూక్ష్మమైన పగుళ్లు ఎప్పటికప్పుడు పూడుతున్నాయా అన్నవాటి మీదే అసలు గట్టిదనం ఆధారపడి ఉంటుంది. ఇవేవీ వాటంతటవే జరగవు. ప్రతిదాని వెనకా కణాలుంటాయి, ఆ కణాలను నడిపించే సంకేత ప్రొటీన్లు ఉంటాయి.

ముందు కణాల సంగతి. ఎముకను కరిగించేవి ఆస్టియోక్లాస్టులు, కొత్త ఎముకను పోసేవి ఆస్టియోబ్లాస్టులు. ఈ రెండూ కలిసి పెద్దవారి అస్థిపంజరంలో ఏటా దాదాపు 10 శాతాన్ని కొత్తగా మారుస్తాయి. ఒకచోట కరిగించడం కొన్ని వారాల్లో అయిపోతుంది, ఆ గుంటను తిరిగి పూడ్చడానికి నెలలు పడుతుంది. పని వేగం పెరిగిందంటే నష్టం ముందు జరిగి, పూడిక వెనకబడుతుంది. ఆ లెక్క ఎప్పుడూ మనకు వ్యతిరేకంగానే ఉంటుంది. ఇక మూడో రకం ఆస్టియోసైట్లు. పోసిన ఎముకలో తామే చిక్కుకుపోయి అక్కడే ఉండిపోయిన ఆస్టియోబ్లాస్టులు ఇవి. ఎముకలో ఉండే కణాల్లో 90 శాతానికి పైగా ఇవే, కొన్ని దశాబ్దాలపాటు బతుకుతాయి కూడా. ఒక మనిషి అస్థిపంజరంలో సుమారు 4,200 కోట్ల ఆస్టియోసైట్లు ఉంటాయని, వాటినుంచి సాగే సన్నని కొమ్మలన్నిటినీ వరసగా పేరిస్తే లక్షా 75 వేల కిలోమీటర్లు వస్తాయని 2015లో ఒక అంచనా వేశారు. చాలాకాలం వీటిని పనిలేని కణాలుగా చూశారు. ఈ పాతికేళ్లలో వచ్చిన ముఖ్యమైన పరిశోధనలన్నీ దాదాపుగా వీటి చుట్టూనే తిరిగాయి. ఎప్పుడు కరిగించాలో, ఎప్పుడు పోయాలో చెప్పే సంకేతాలు ఎక్కువగా ఇక్కడినుంచే బయలుదేరతాయి.

కరిగించమని చెప్పే ప్రధాన సంకేతం ర్యాంక్-ఎల్ అనే ప్రొటీన్. ఇది మూలుగలోని ముందస్తు కణాల మీదున్న ర్యాంక్ గ్రాహకాన్ని (సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ను) పట్టుకుంటే అవి ఆస్టియోక్లాస్టులుగా మారతాయి. ఓపీజీ అనే మరో ప్రొటీన్ మధ్యలోనే ర్యాంక్-ఎల్‌ను పట్టేసి ఆ పని జరగనివ్వదు. 1997, 1998 సంవత్సరాల్లో అమెరికా, జపాన్ పరిశోధకులు వీటిని వేర్వేరుగా గుర్తించారు. ఓపీజీ లేని ఎలుకల ఎముకలు గుల్లబారాయి. ర్యాంక్-ఎల్ లేని ఎలుకల్లో ఆస్టియోక్లాస్టులే పుట్టలేదు, ఎముకలు మితిమీరి దట్టమయ్యాయి, పళ్లు కూడా చిగుళ్లు దాటి పైకి రాలేదు. పెద్దవయసులో ఈ ర్యాంక్-ఎల్ ఎక్కువగా వచ్చేది ఆస్టియోసైట్ల నుంచేనని 2011లో రెండు బృందాలు చూపించాయి.

మెనోపాజ్ తర్వాత మొదటి కొన్నేళ్లలో ఎముక అంత వేగంగా ఎందుకు పోతుందో ఈ జంట ప్రొటీన్ల ద్వారా అర్థమవుతుంది. ఈస్ట్రోజెన్ ఉన్నంతకాలం ర్యాంక్-ఎల్ అదుపులో ఉంటుంది, ఆస్టియోక్లాస్టుల ఆయుష్షూ తక్కువగా ఉంటుంది. ఆ హార్మోన్ తగ్గగానే రెండు అదుపులూ ఒకేసారి సడలిపోతాయి. మగవారికి ఈస్ట్రోజెన్‌తో పనేమీ లేదనుకోవడం కూడా సరికాదు. ఈస్ట్రోజెన్ గ్రాహకం పనిచేయని 28 ఏళ్ల యువకుడి గురించి 1994లో వైద్యులు రాశారు. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉన్నా అతని ఎముకలు గుల్లబారి ఉన్నాయి, ఎదుగుదల ఆగాల్సిన వయసు దాటినా ఇంకా పొడవు పెరుగుతూనే ఉన్నాడు. ఇక శరీరంలో దీర్ఘకాలం వాపు ఉంటే టీఎన్ఎఫ్, ఐఎల్-6 వంటి ప్రొటీన్లు కూడా ర్యాంక్-ఎల్‌ను పెంచుతాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కీళ్లతో పాటు ఎముక కూడా అరిగిపోవడానికి ఇదొక కారణం.

పోయమని చెప్పే వైపు చూస్తే అక్కడ వింట్ అనే ప్రొటీన్ల కుటుంబం ఉంది. వింట్ సంకేతం కణం మీదున్న ఎల్ఆర్పీ5 అనే గ్రాహకం ద్వారా లోపలికి వెళుతుంది. ఈ గ్రాహకం పనిచేయని పిల్లల ఎముకలు చిన్నతనంలోనే పెళుసెక్కుతాయి, చూపు కూడా పోతుంది. ఆ వ్యాధికి కారణమైన జన్యువు 2001లో దొరికింది. ఆ మరుసటి ఏడాదే అదే జన్యువులో వేరే రకం మార్పున్న కుటుంబాలు బయటపడ్డాయి. వారి ఎముకలు అసాధారణంగా దట్టంగా, గట్టిగా ఉన్నాయి. ఒకే గ్రాహకంలో మార్పు ఒక వైపు జరిగితే పెళుసు, ఇంకో వైపు జరిగితే ఉక్కు.

ఈ వింట్ సంకేతానికి కళ్లెం వేసే ప్రొటీన్ పేరు స్క్లెరోస్టిన్. దాన్ని తయారు చేసేవి ప్రధానంగా ఆస్టియోసైట్లే. స్క్లెరోస్టియోసిస్ అనే అరుదైన వ్యాధి ఎక్కువగా దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ (ప్రధానంగా డచ్ మూలాలున్న) కుటుంబాల్లో కనిపిస్తుంది. దానికి కారణం ఈ ప్రొటీన్ తయారుకాకపోవడమేనని 2001లో తేలింది. నెదర్లాండ్స్‌లో 1955లో వర్ణించిన వాన్ బుకెమ్ వ్యాధిదీ ఇంచుమించు ఇదే కథ. వీరి ఎముకలు విరగడం చాలా అరుదు. కానీ పుర్రె కూడా మందంగా పెరిగిపోయి నరాలను నొక్కేస్తుంది. వినికిడి పోతుంది, ముఖంలో పక్షవాతం వస్తుంది, మెదడు మీద ఒత్తిడి ప్రాణం మీదికి తెస్తుంది. అయితే జన్యువు రెండు ప్రతుల్లో ఒక్కటే చెడిన బంధువులకు ఈ ఇబ్బందులేవీ లేవు, ఎముకలు మాత్రం దట్టంగా ఉన్నాయి. స్క్లెరోస్టిన్‌ను పూర్తిగా లేకుండా చేయకుండా కొంతకాలంపాటు తగ్గిస్తే చాలేమో అన్న ఆలోచనకు ఈ బంధువులే ఆధారమయ్యారు. అందులోంచి వచ్చిన మందు రోమోసోజుమాబ్. 2019లో అనుమతి పొందింది.

వ్యాయామానికీ ఎముకకూ ఉన్న సంబంధం కూడా ఇక్కడే ముడిపడుతుంది. బరువు పడ్డ దిశలో ఎముక తనను తాను మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే రాశాడు. అది ఎలా జరుగుతుందో తెలియడానికి వందేళ్లు దాటింది. ఎముక మీద బరువు పడినప్పుడు ఆస్టియోసైట్ల చుట్టూ ఉన్న అతిసన్నని కాలువల్లో ద్రవం కదులుతుంది. ఆ కదలికను కణం పసిగట్టి, బరువు పడ్డ చోట స్క్లెరోస్టిన్ తయారీని తగ్గిస్తుంది. పసిగట్టే ప్రొటీన్లలో పీజో1 ఒకటి. దాన్ని గుర్తించిన ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. బరువే లేని చోట ఇదంతా తలకిందులవుతుంది. అంతరిక్ష కేంద్రంలో ఉండే వ్యోమగాముల తుంటి ఎముకలో నెలకు 1 నుంచి 1.5 శాతం ఖనిజం పోతుంది. వయసు పైబడ్డాక మంచం పట్టినవారి ఎముకకు జరిగే నష్టం కూడా ఈ కోవలోదే.

ఇంతవరకు చెప్పినవన్నీ ప్రధానంగా ఎముక ఎంత ఉందన్న విషయాన్ని నిర్ణయించే సంకేతాలు. నాణ్యత దగ్గరికి వస్తే అందరికంటే ఎక్కువగా చెప్పుకోవాల్సింది టీజీఎఫ్-బీటా గురించి. శరీరంలో ఈ ప్రొటీన్ పెద్ద ఎత్తున నిల్వ ఉండే చోట్లలో ఎముక ఒకటి. కొత్త ఎముక పోస్తున్నప్పుడే ఆస్టియోబ్లాస్టులు దీన్ని నిద్రాణంగా అందులో దాచిపెడతాయి. ఏళ్ల తర్వాత ఆస్టియోక్లాస్టులు అక్కడ కరిగించడం మొదలుపెట్టినప్పుడు అది మేల్కొని బయటికి వస్తుంది, మూలకణాలను ఆ గుంట దగ్గరికి రప్పిస్తుంది. 2009లో ఎలుకల్లో ఈ సంగతి స్పష్టంగా కనిపించింది. అంటే ఎముక పోసిన రోజే, భవిష్యత్తులో జరగాల్సిన మరమ్మతుకు పిలుపు కూడా అందులో చేరిపోతోంది. ఎముకలో ఇంతకంటే అందమైన ఏర్పాటు మరొకటి లేదనిపిస్తుంది.

ఇది అతిగా మేల్కొంటే ఏమవుతుందో కామురాటి-ఎంగెల్‌మన్ వ్యాధి చూపిస్తుంది. ఈ ప్రొటీన్ జన్యువులో మార్పే దానికి కారణమని 2000లో తేలింది. పొడవైన ఎముకలు మందమెక్కుతాయి, నొప్పి ఉంటుంది, నడక దెబ్బతింటుంది. కరిగే చోటొకటి, పోసే చోటొకటి అయిపోతుంది. దీనికి వ్యతిరేక దిశలో, టీజీఎఫ్-బీటా సంకేతాన్ని తగ్గించిన ఎలుకల మీద 2005లో జరిగిన పని మరీ ఆసక్తికరం. వాటి ఎముక పదార్థమే మారిపోయింది: ఖనిజం ఎక్కువైంది, పదార్థం గట్టిపడింది, పగులును తట్టుకునే శక్తి పెరిగింది. ఎముక పదార్థం లక్షణాలను కూడా ఒక సంకేత ప్రొటీన్ నియంత్రిస్తుందని దాంతో రుజువైంది.

అలాగైతే ఈ సంకేతాన్ని తగ్గిస్తే సరిపోతుందా? 2017లో వచ్చిన ఫలితాలు అంత తేలిక కాదని చెప్పాయి. ఈసారి ఒక్క ఆస్టియోసైట్లలో మాత్రమే టీజీఎఫ్-బీటా గ్రాహకాన్ని తీసేశారు. ఆ ఎలుకల్లో కణాల చుట్టూ ఉండాల్సిన సన్నని కాలువల అల్లిక కుంచించుకుపోయింది, ఎముక పెళుసెక్కింది. ఆస్టియోసైట్లు ఊరికే కూర్చోవు. తమ చుట్టూ ఉన్న ఎముకను కొద్దికొద్దిగా కరిగించి మళ్లీ పోసుకుంటూ, ఆ కాలువలను తెరిచి ఉంచుతాయి. బిడ్డకు పాలిచ్చే కాలంలో తల్లి ఎముకల్లోని ఆస్టియోసైట్లు ఈ పద్ధతిలోనే కొంత కాల్షియాన్ని బయటికి ఇచ్చి, పాలు మాన్పించాక ఆ లోటును పూడ్చుకుంటాయని ఎలుకల్లో చూశారు. ఈ పనిని నడిపించేవాటిలో టీజీఎఫ్-బీటా ఒకటి. ఒకే ప్రొటీన్‌ను శరీరమంతటా తగ్గిస్తే ఎముక గట్టిపడింది, ఆస్టియోసైట్ చెవిన పడకుండా చేస్తే పెళుసైంది. సంకేతం అర్థం దాన్ని వినే కణాన్ని బట్టి మారుతోంది. ఒక ప్రొటీన్‌ను మంచిదనో చెడ్డదనో ముద్ర వేసే ప్రచారాలను నమ్మకూడదని చెప్పడానికి ఈ రెండు ప్రయోగాలు చాలు.

సమయాన్ని బట్టి కూడా అర్థం మారుతుంది. పారాథైరాయిడ్ హార్మోన్ రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఎముక కరిగిపోతుంది. అదే హార్మోన్‌లోని ముక్కను రోజుకోసారి ఇంజెక్షన్‌గా ఇస్తే, కొన్ని గంటలు మాత్రమే ఉండి వెళ్లిపోయే ఆ సంకేతం ఎముకను పెంచుతుంది. టెరిపరటైడ్ పేరుతో 2002లో అనుమతి పొందిన మందు ఇదే.

వయసు ఈ వ్యవస్థను ఎక్కడ దెబ్బతీస్తుంది అంటే, ఒక్కచోట అని చెప్పలేం. పెద్దవయసువారి ఎముకను మైక్రోస్కోపు కింద చూస్తే ఆస్టియోసైట్లు తగ్గి ఉంటాయి, ఖాళీ గూళ్లు కనిపిస్తాయి, మిగిలిన కణాల కొమ్మలూ పలచబడి ఉంటాయి. బరువు పడిన కబురు అందుకునే యంత్రాంగమే సన్నగిల్లుతుంది కాబట్టి, అంతే వ్యాయామానికి ముసలి ఎముక యువ ఎముకంతగా స్పందించదు. మూలుగలో వింట్ సంకేతం బలహీనపడేకొద్దీ ఆస్టియోబ్లాస్టులు కావాల్సిన మూలకణాలు కొవ్వు కణాలుగా మారడం ఎక్కువవుతుంది. కొలాజెన్ పోగుల మధ్య చక్కెర అణువులు చేరి అక్కర్లేని ముడులు వేస్తాయి, దాంతో సాగే గుణం పోతుంది. డయాబెటిస్‌లో ఇదే వేగంగా జరుగుతుంది. పైగా టైప్ 2 డయాబెటిస్ ఉన్నవారి రక్తంలో స్క్లెరోస్టిన్ కూడా ఎక్కువగా ఉంటుంది. స్కోరు బాగున్నా వారి ఎముకలు ఎందుకు విరుగుతాయన్న ప్రశ్నకు ఇవి రెండూ కొంతవరకు జవాబిస్తాయి.

మరో మార్పు, విభజన ఆగిపోయినా చావకుండా మిగిలిపోయే వృద్ధ కణాలు పేరుకోవడం. అవి వాపు కలిగించే ప్రొటీన్లను విడుదల చేస్తూ చుట్టుపక్కల కణాలను పాడుచేస్తాయి. ముసలి ఎలుకల్లో ఈ కణాలను తొలగిస్తే ఎముక మెరుగైందని మేయో క్లినిక్ పరిశోధకులు 2017లో చూపించినప్పుడు చాలా ఆశలు రేగాయి. మనుషుల్లో ఫలితం అంత ఘనంగా రాలేదు. మెనోపాజ్ దాటిన 60 మంది మహిళలకు దాసాటినిబ్ అనే మందును, మొక్కల్లో దొరికే క్వెర్సెటిన్‌ను కలిపి విడతలుగా ఇచ్చి చూసిన పరీక్ష 2024లో వెలువడింది. ఎముక కరగడాన్ని చూపే రక్తపరీక్షలో తేడా రాలేదు. ఎముక పోసే పనిని చూపే మార్పు తొలివారాల్లో కనిపించి తగ్గిపోయింది. వృద్ధ కణాలు ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం కొంత మెరుగు కనిపించింది. ఇంతలోనే ఈ పేర్లతో మాత్రలు కొని మింగడం తొందరపాటే అవుతుంది. దాసాటినిబ్ అసలు బ్లడ్ క్యాన్సర్ మందు.

ఇప్పుడు చేతిలో ఉన్న మందుల్లో ర్యాంక్-ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ 2010 నుంచి వాడకంలో ఉంది, ఆరు నెలలకోసారి ఇంజెక్షన్. ఎముక కరగడాన్ని బాగా ఆపుతుంది. కానీ మోతాదు మానేస్తే అణిగి ఉన్న ఆస్టియోక్లాస్టులు ఒక్కసారిగా విజృంభిస్తాయి. పెరిగిన సాంద్రత ఒకటి రెండేళ్లలో పోతుంది, కొందరికి ఒకటికి మించి వెన్నుపూసలు విరుగుతాయి. కాబట్టి దాన్ని ఆపాలంటే వెంటనే ఎముక కరగడాన్ని తగ్గించే బిస్‌ఫాస్ఫొనేట్ వంటి మరో మందు మొదలుపెట్టాలి. మోతాదు వాయిదా వేసుకుంటే ఏమవుతుందో రోగికి మొదటి ఇంజెక్షన్‌కు ముందే వివరంగా చెప్పాల్సిన బాధ్యత వైద్యులది. రోమోసోజుమాబ్‌దీ వేరే తరహా పరిమితి. ఎముక పోసే జోరు తొలి నెలల్లోనే ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది కాబట్టి 12 నెలలే ఇస్తారు. గడచిన ఏడాదిలో గుండెపోటు, స్ట్రోక్ వచ్చినవారికి ఇవ్వకూడదన్న హెచ్చరికా ఉంది.

వీటి ఫలితాన్ని కూడా ఎక్కువగా కొలిచేది డెక్సాతోనే. ఆస్టియోసైట్ కాలువ వెడల్పు ఒక మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) సగానికన్నా తక్కువ. బతికున్న మనిషి ఎముకను చూపగల అత్యంత సూక్ష్మమైన సీటీ యంత్రాలకు కూడా 60 మైక్రాన్ల కంటే చిన్నది చూడటం కష్టం. కాలువల అల్లిక బాగుపడిందా, కొలాజెన్ ముడులు తగ్గాయా అన్నది క్లినిక్‌లో చూసే దారి లేదు. నాణ్యతను మెరుగుపరిచే మందు రేపు వచ్చినా, అది పనిచేస్తోందని చూపడానికి ఎముకలు విరగకుండా ఉన్నవారిని ఏళ్ల తరబడి లెక్కపెట్టాల్సిందే.

అలా లెక్కపెట్టిన పరీక్షల్లో బయటపడ్డ ఒక విషయం వైద్యాన్ని ఇప్పటికే మార్చింది: సంకేతాలను ఏ వరసలో ఇస్తామన్నదీ ముఖ్యమే. 4,093 మంది మహిళలపై జరిగి 2017లో వచ్చిన పరీక్షలో, ముందు ఏడాది రోమోసోజుమాబ్ తీసుకుని తర్వాత బిస్‌ఫాస్ఫొనేట్ రకం మందైన అలెండ్రొనేట్‌కు మారినవారికి, మొదటినుంచీ అలెండ్రొనేట్ ఒక్కటే తీసుకున్నవారి కంటే రెండేళ్లకు వెన్నుపూసలు విరగడం 48 శాతం తక్కువగా ఉంది. ముందు పోయించి, తర్వాత కాపాడుకున్నారు. 2015లో వెలువడిన మరో పరీక్షలో వరస తిరగేసి, రెండేళ్లు డెనోసుమాబ్ వాడినవారిని టెరిపరటైడ్‌కు మార్చారు. ఎముకను పెంచే మందే అయినా, మార్చిన తొలి నెలల్లో వారి తుంటి, వెన్ను సాంద్రత రెండూ తగ్గాయి.